తెర అవతల ఎవరు?

అరవై నాలుగు గళ్ల కథ – 23

2001 సెప్టెంబరులో లండన్ పత్రిక సండే టెలిగ్రాఫ్‌లో నైజెల్ షార్ట్ రాసిన వ్యాసం చదరంగ లోకంలో కలకలం రేపింది. షార్ట్ సామాన్యుడు కాడు, 1993లో ప్రపంచ టైటిల్ కోసం కాస్పరోవ్‌తో తలపడినవాడు. ఇంటర్నెట్ చెస్ క్లబ్‌లో పేరు చెప్పని ఒక అతిథి ఆయనతో మూడేసి నిమిషాల గేములు ఆడాడు. మొదటి ఎత్తుల్లో ఆ అతిథి ఆట నేర్చుకునే పిల్లలు కూడా చేయని పనులు చేసేవాడు. బంట్లను అర్థం లేకుండా కదిపేవాడు, కాపాడుకోవలసిన రాజును బోర్డు మధ్యకు నడిపించేవాడు. అలా చేజేతులా చెడగొట్టుకున్న స్థితి నుంచే మెల్లగా షార్ట్‌ను చిత్తు చేసేవాడు. మొదటి విడతలో ఎనిమిది గేములు ఆడితే ఎనిమిదీ షార్ట్ ఓడిపోయాడు.

అంతటి ఆటగాడు ఎవరై ఉంటాడు? అనుమానం వచ్చి షార్ట్ ఒక ప్రశ్న వేశాడు: అర్మాండో అసెవెడో తెలుసా? జవాబు తడుముకోకుండా వచ్చింది: సీగెన్, 1970. జర్మనీలోని ఆ ఊళ్లో, ఆ ఏడాది ఒలింపియాడ్‌లోనే మెక్సికో ఆటగాడు అసెవెడోను బాబీ ఫిషర్ ఓడించాడు. దాంతో షార్ట్‌కు గురి కుదిరింది. ఏళ్ల తరబడి లోకానికి కనబడకుండా తిరుగుతున్న ఫిషరే తనతో ఆడుతున్నాడని దాదాపు పూర్తి నమ్మకంతో రాశాడు.

ఫిషర్ అది తాను కానన్నాడు. నెమ్మదిగా చాలామంది ఒప్పుకున్న వివరణ వేరే ఉంది. ఎవరో ఒక ఆకతాయి పక్కన కంప్యూటర్ పెట్టుకుని, మొదట కావాలనే పిచ్చి ఎత్తులు వేసి, తరువాతి పని యంత్రానికి అప్పగించి ఉంటాడని. ఒలింపియాడ్ గేముల వివరాలు అప్పటికే డేటాబేస్‌లలో దొరుకుతున్నాయి. అసెవెడో ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఫిషరే కానక్కరలేదు.

ఈ ఉదంతాన్ని గత భాగంతో కలిపి చూడాలి. 1997 మేలో న్యూయార్క్‌లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ చేతిలో రెండో గేమ్ ఓడాక కాస్పరోవ్‌కు కలిగిన అనుమానం గుర్తుందిగా? యంత్రం వెనుక మనిషి ఉన్నాడేమోనని ఆయన శంకించాడు. నాలుగేళ్లకు ప్రశ్న తిరగబడింది. మనిషి వెనుక యంత్రం ఉందా?

మన ఊళ్లలో అరుగు మీద చదరంగం ఆడేటప్పుడు ఒక కట్టుబాటు ఉండేది: చూసేవాళ్లు చెప్పకూడదు. ఎవరైనా ఉండబట్టలేక ‘గుర్రం, గుర్రం’ అని సైగ చేస్తే అవతలివాడు పావులు చెరిపేసి లేచిపోయేవాడు. తొండి ఆట అంటే అదే. చదరంగంలో దాచిపెట్టుకునే పేకముక్క లేదు, దొర్లించే పాచిక లేదు. రెండు వైపుల బలగమూ అందరి కళ్ల ముందే ఉంటుంది. అందుకే ఇక్కడ మోసానికి దారి ఒకటే, ఎత్తు ఇంకొకరి బుర్రలోంచి రావడం. అరుగు మీద ఆ ఇంకొకరు ఎవరో కంటికి కనిపిస్తారు. ఇంటర్నెట్‌లో ఆడేవాడే కనిపించడు, చెప్పేవాడు కనిపించడం ఎక్కడి మాట.

ఈ దారి షార్ట్ వ్యాసం కన్నా ముందే, బోర్డు మీదే తెరుచుకుంది. 1993లో ఫిలడెల్ఫియాలో జరిగిన వరల్డ్ ఓపెన్‌కు జాన్ వాన్ న్యూమన్ అనే పేరుతో ఒక కొత్త ఆటగాడు వచ్చాడు. కంప్యూటర్ శాస్త్రానికి పునాదులు వేసిన మహానుభావుడి పేరది. చెవులకు హెడ్‌ఫోన్లు, జేబులో ఏదో గుయ్‌మంటున్న వస్తువు. రేటింగే లేని ఈ మనిషి ఐస్‌లాండ్ గ్రాండ్‌మాస్టర్ హెల్గీ ఓలఫ్సన్‌తో డ్రా చేశాడు. 9 రౌండ్లలో నాలుగున్నర పాయింట్లు తెచ్చుకుని బహుమతికి అర్హుడయ్యాడు. నిర్వాహకులు ఒక తేలికపాటి చదరంగ సమస్య ఇచ్చి దీన్ని సాధించి డబ్బు తీసుకెళ్లమన్నారు. అతను ఒప్పుకోలేదు, డబ్బు వదులుకుని వెళ్లిపోయాడు.

ఆనాటి మామూలు కంప్యూటర్‌కు గ్రాండ్‌మాస్టర్‌తో డ్రా అంటే గొప్పే. ఆ తరువాతి పదిహేనేళ్లలో జరిగిన మార్పు తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ బీరువాలంత యంత్రం, టన్నుకు పైగా బరువు. 2006 డిసెంబరులో బాన్ నగరంలో ప్రపంచ విజేత క్రామ్నిక్‌ను 4-2తో ఓడించిన డీప్ ఫ్రిట్జ్ మాత్రం బజారులో కొనగలిగే కంప్యూటర్ మీద నడిచింది. 2009లో బ్యూనస్ ఎయిర్స్ టోర్నీలో పాకెట్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రామ్ 10 గేముల్లో తొమ్మిదిన్నర పాయింట్లు సాధించింది. అది నడిచింది జేబులో పట్టే మొబైల్ ఫోన్‌లో. దానికి ముందు ఏడాది, 2008లో, స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్లు ఉచితంగా లోకానికి వదిలారు. నేడు దాని బలం 3500 ఎలో రేటింగ్‌కు పైమాటే అంటారు. చరిత్రలో మనిషి అందుకున్న అత్యధిక రేటింగ్ 2014లో మాగ్నస్ కార్ల్‌సన్ సాధించిన 2882. ఆ తేడా ఇప్పుడు స్కూలు పిల్లవాడి ఫోన్‌లో ఉంది.

యంత్రంతో బాహాటంగా చేతులు కలపాలని చూసినవాళ్లూ ఉన్నారు. డీప్ బ్లూ చేతిలో ఓడిన మరుసటి ఏడాది, 1998లో, స్పెయిన్‌లోని లియోన్‌లో కాస్పరోవ్, తొపలోవ్ చెరొక కంప్యూటర్ ముందు పెట్టుకుని ఆడారు. అంతకు కొద్ది వారాల ముందే మామూలు ర్యాపిడ్ ఆటలో కాస్పరోవ్ 4-0తో తొపలోవ్‌ను తుడిచిపెట్టేశాడు. యంత్రాలు తోడయ్యేసరికి ఫలితం 3-3. కాస్పరోవ్‌కు దేవుడిచ్చిన లెక్కల చూపు యంత్రం పక్కన చేరగానే విలువ పోగొట్టుకుంది. ఉత్తరాల చదరంగంలో ఇప్పుడు ఇంజిన్ వాడకం నిబంధనలకు లోబడిన పనే. ఆ పై స్థాయి పోటీల్లో ఇక దాదాపు అన్నీ డ్రాలే. ఇంజిన్‌ను అనుమతిస్తే పీడ పోతుంది కదా అని అడిగేవాళ్లు ఆ పట్టికలు ఒకసారి తిరగేయాలి.

ఆన్‌లైన్ నిర్వాహకులు మొదటి నుంచీ అప్రమత్తంగానే ఉన్నారు. 1992లో విద్యార్థులు, ప్రొఫెసర్లు ఉచితంగా నడిపిన సర్వర్ 1995లో చందా కట్టే ఇంటర్నెట్ చెస్ క్లబ్‌గా మారింది. అక్కడ కంప్యూటర్లు ఆడేందుకు వేరే ఖాతాలుండేవి. పేరు పక్కన ‘సి’ అనే గుర్తు ఉంటే అవతల యంత్రం ఉందని అర్థం, ఇష్టమైతే ఆడొచ్చు, లేకపోతే లేదు. గుర్తు లేకుండా యంత్రాన్ని వాడితే ఖాతా పోయేది. కానీ అక్కడ పోయేది రేటింగ్ అంకెలూ, కాస్త పరువూ మాత్రమే. అసలు డబ్బు, టైటిళ్లు బోర్డు మీదే ఉండేవి. అందుకే పెద్ద మోసాలూ బోర్డు చుట్టూనే తిరిగాయి. 2006లో ఢిల్లీ టోర్నీలో టోపీలో బ్లూటూత్ పరికరం కుట్టించుకుని దొరికిన ఆటగాడిపై అఖిల భారత చెస్ సమాఖ్య పదేళ్ల నిషేధం వేసింది. 2015 దుబాయ్ ఓపెన్‌లో జార్జియా గ్రాండ్‌మాస్టర్ గయోజ్ నిగాలిద్జే మాటిమాటికీ ఒకే మరుగుదొడ్డికి వెళ్తుంటే ప్రత్యర్థి తిగ్రాన్ పెట్రోసియన్ ఫిర్యాదు చేశాడు. కాగితంలో చుట్టి దాచిన ఫోన్ దొరికింది, అందులో వాళ్లిద్దరి గేమే తెరిచి ఉంది. నిగాలిద్జేకు మూడేళ్ల నిషేధం పడింది, గ్రాండ్‌మాస్టర్ బిరుదు పోయింది. ఈ పెట్రోసియన్ పేరు గుర్తుంచుకోవాలి.

2020 మార్చిలో లోకమంతా తలుపులు మూసుకుంది. టోర్నీ హాళ్లు మూతపడ్డాయి, చదరంగం మొత్తం తెర మీదకు తరలిపోయింది. క్రికెట్టూ ఫుట్‌బాలూ ఆగిపోయిన ఆ నెలల్లో ఇంట్లో కూర్చుని నిజంగా పోటీ పడగలిగిన ఆటల్లో ఇదొకటి. ఆ అక్టోబరులో వచ్చిన ‘ది క్వీన్స్ గ్యాంబిట్’ సీరియల్‌తో లక్షల మంది కొత్తవాళ్లు చేరారు. బహుమతి డబ్బు, జట్ల పోటీలు, దేశాల గౌరవం అన్నీ వాళ్లతోపాటే ఆన్‌లైన్‌కు వచ్చేశాయి.

ఆగస్టులో జరిగిన తొలి ఆన్‌లైన్ ఒలింపియాడ్‌లో భారత జట్టు ఎవరి ఇళ్లలోంచి వాళ్లు ఆడింది. ఆనంద్‌తోపాటు మన తెలుగువాళ్లు కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ అందులో ఉన్నారు. ఎదురుగా ప్రత్యర్థి లేడు. కెమెరా కన్ను, దాని వెనుక ఎక్కడో ఉన్న ఆర్బిటర్ మాత్రమే. పోలండ్‌తో సెమీఫైనల్ సమమైనప్పుడు ఒకే ఒక్క తుది గేమ్‌లో మోనికా సోచ్కోను ఓడించి హంపి జట్టును ఫైనల్‌కు చేర్చింది. రష్యాతో ఫైనల్ మధ్యలో ప్రపంచవ్యాప్తంగా ఇంటర్నెట్ అంతరాయం వచ్చి నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్ గేముల కనెక్షన్ తెగిపోయింది. గడియారం ఆగలేదు. ఇద్దరూ సమయం మించి ఓడారు. భారత్ అప్పీలు చేస్తే ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే అధ్యక్షుడు ద్వోర్కోవిచ్ రెండు దేశాలనూ విజేతలుగా ప్రకటించారు. తెర మీది ఆట ఎంత సన్నటి తీగ మీద నడుస్తోందో ఆ రోజు లోకం చూసింది.

నెల తిరగకుండానే ఇంకో ముఖం బయటపడింది. ప్రో చెస్ లీగ్ ఫైనల్లో అర్మీనియా ఈగిల్స్ జట్టు అమెరికాకు చెందిన సెయింట్ లూయిస్ జట్టును ఓడించింది. ఆ గెలుపులో మెరిసినవాడు దుబాయ్‌లో నిగాలిద్జేను పట్టించిన తిగ్రాన్ పెట్రోసియనే. కొద్ది రోజులకే ఆయన ఆటలో నిబంధనల ఉల్లంఘన ఉందని లీగ్ నడిపే చెస్ సైట్ చెస్.కామ్ తేల్చింది. ఆయనను జీవితకాలం బహిష్కరించి, టైటిల్‌ను సెయింట్ లూయిస్‌కు ఇచ్చేసింది. పెట్రోసియన్ ఆ ఆరోపణను తీవ్రంగా ఖండించాడు. దుబాయ్‌లో ఫోన్ దొరికింది, తెరిచి చూపించగలిగారు. ఇక్కడ చేతికి దొరికే వస్తువు లేదు. ఉన్నది లెక్కే.

ఆ లెక్క ఎలా కడతారు? ముందు ఆటగాడి ఎత్తులను ఇంజిన్ ఎత్తులతో పోలుస్తారు. ఒకటి రెండు గేముల్లో అచ్చు ఇంజిన్‌లా ఆడడం ఎవరికైనా సాధ్యమే. ప్రత్యర్థి త్వరగా తప్పు చేస్తే మంచి ఎత్తులు వాటంతటవే కనబడతాయి. కాబట్టి వందల గేములు, కష్టమైన స్థితులు తీసుకుని, ఆ రేటింగ్ ఉన్న మనిషి సగటున ఎంత తప్పుతాడు, ఇతను ఎంత తప్పాడు అని చూస్తారు. బఫలో విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం బోధించే కెన్నెత్ రీగన్ తానే ఇంటర్నేషనల్ మాస్టర్. ఈ సంభావ్యతల గణితాన్ని ఆయన ఏళ్ల తరబడి పదును పెట్టాడు.

ఎత్తుల కన్నా కొన్నిసార్లు గడియారమే ఎక్కువ చెబుతుంది. పావు కొట్టినప్పుడు తిరిగి కొట్టక తప్పని చోట మనిషి ఒక్క సెకనులో కొట్టేస్తాడు. చిక్కుముడి పడిన చోట రెండు నిమిషాలు తల పట్టుకుంటాడు. ఫోన్‌లో చూసి ఆడేవాడికి రెండూ ఒకటే: ఎత్తు అక్కడ నమోదు చేయాలి, జవాబు చూడాలి, ఇక్కడికి వచ్చి వేయాలి. ఏడు సెకన్లు, ఎనిమిది సెకన్లు, మళ్లీ ఏడు. ఆట తెర వదిలి ఇంకో కిటికీలోకి ఎన్నిసార్లు వెళ్లాడో కూడా సైట్‌కు తెలుస్తుంది. తెలిసీ తెలియని కుర్రవాడు ఇలా దొరికిపోతాడు.

గ్రాండ్‌మాస్టర్ సంగతి వేరు. అతనికి ప్రతి ఎత్తూ ఎవరూ చెప్పక్కరలేదు. గేమ్ మొత్తంలో ఒకే ఒక్కసారి, ‘ఇక్కడ ఏదో ఉంది, ఆగి చూడు’ అన్న సూచన చాలు. మిగతాది అతని ప్రతిభే చూసుకుంటుంది. ఆ ఒక్క సూచనను గణితం పట్టుకోవడం దాదాపు అసాధ్యం. ఈ ఒక్క నిజమే తరువాతి ఏళ్ల చేదుకంతా మూలం.

దానికి ముందు మన దేశంలో జరిగిన సంగతి ఒకటి. 2021 జూన్ 13న కోవిడ్ బాధితుల సహాయం కోసం విశ్వనాథన్ ఆనంద్ ఆన్‌లైన్‌లో ఒకేసారి పలువురు ప్రముఖులతో ఆడారు. ఆమిర్ ఖాన్, కన్నడ నటుడు సుదీప్, క్రికెటర్ చాహల్ వాళ్లలో ఉన్నారు. అయిదుసార్లు ప్రపంచ విజేత అయిన ఆనంద్‌ను జెరోధా సహ వ్యవస్థాపకుడు నిఖిల్ కామత్ ఓడించారు. చూసేవాళ్లు నివ్వెరపోయారు. ఆ ఎత్తులను ఇంజిన్‌తో సరిచూసినవాళ్లకు విషయం అర్థమైంది. మరునాడు కామత్ తానే ఒప్పుకున్నారు. ఆటను విశ్లేషించేవాళ్లు, కంప్యూటర్లు తనకు సాయపడ్డాయన్నారు, తెలివితక్కువ పని చేశానని క్షమాపణ చెప్పారు. తాను బోర్డు మీది స్థితిని బట్టి ఆడానని, మిగతావాళ్ల నుంచీ అదే ఆశించానని ఆనంద్ అన్నారు. అంతకు మించి గొడవ పెంచలేదు.

ఆ సాయంత్రం ఓడిపోయినా ఎవరికీ చిన్నతనం లేదు. ఆనంద్‌తో ఆడి ఓడిన గేమ్‌ను జీవితాంతం దాచుకునే ఆటగాళ్లు దేశంలో వేలమంది ఉన్నారు. కామత్ పోగొట్టుకున్నది ఆ గేమే. ఆయన కూర్చున్న చోట ఆనంద్‌తో ఆడింది యంత్రం.

ఇక 2022. సెప్టెంబరు 4న సెయింట్ లూయిస్‌లో జరిగిన సింక్‌ఫీల్డ్ కప్‌లో 19 ఏళ్ల అమెరికన్ హన్స్ నీమన్ నల్లపావులతో ప్రపంచ విజేత కార్ల్‌సన్‌ను ఓడించాడు. క్లాసికల్ ఆటలో 53 గేములుగా కార్ల్‌సన్‌కు ఓటమి లేదు. మర్నాడు ఆయన టోర్నీ నుంచే తప్పుకున్నాడు. కారణం చెప్పలేదు, చెప్పకనే చెప్పినట్టు ఒక వీడియో ముక్క పెట్టాడు. నీమన్ వెంటనే ఒక ఇంటర్వ్యూలో తాను 12 ఏళ్ల వయసులో, మళ్లీ 16 ఏళ్ల వయసులో ఆన్‌లైన్‌లో మోసం చేసిన మాట నిజమేనన్నాడు. బోర్డు మీద ఎన్నడూ చేయలేదన్నాడు. సెప్టెంబరు 19న ఆన్‌లైన్‌లో జరుగుతున్న జూలియస్ బేర్ జనరేషన్ కప్‌లో మళ్లీ ఇద్దరూ ఎదురయ్యారు. కార్ల్‌సన్ ఒకే ఒక్క ఎత్తు వేసి, ఓటమి ఒప్పుకుని, కెమెరా ఆపేసి వెళ్లిపోయాడు.

ఆ టోర్నీ ఫైనల్ చేరిన రెండో ఆటగాడు మన వరంగల్ కుర్రవాడు ఇరిగేశి అర్జున్. అతనికీ అప్పుడు పందొమ్మిదేళ్లే. ఎందరో ఉద్దండులను దాటుకుని ప్రపంచ విజేతతో ఫైనల్ ఆడాడు, ఓడాడు. మామూలు రోజుల్లో తెలుగు పత్రికల్లోనే కాదు, ప్రపంచమంతటా రాయవలసిన వార్త అది. లోకం ఆ వారమంతా ఆ ఒక్క ఎత్తు గేమ్ గురించే మాట్లాడుకుంది. మోసం అనే మాట నిజాయితీగా ఆడినవాడి నుంచి కూడా ఎంత లాక్కుంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఫైనల్ ముగిసిన మరునాడు కార్ల్‌సన్ నోరు విప్పాడు. నీమన్ ఒప్పుకున్న దానికన్నా ఎక్కువగా, ఇటీవల కూడా మోసం చేశాడని తాను నమ్ముతున్నానన్నాడు. అక్టోబరు 4న చెస్.కామ్ 72 పేజీల నివేదిక విడుదల చేసింది. 2020 వరకు నీమన్ వందకు పైగా ఆన్‌లైన్ గేముల్లో, డబ్బు పోటీలతో సహా, సాయం తీసుకున్నట్టు కనబడుతోందని అందులో ఉంది. బోర్డు మీద మోసానికి మాత్రం ప్రత్యక్ష ఆధారం చూపలేదు. రీగన్ లెక్కల్లోనూ బోర్డు మీది ఆటలో మోసం జాడ కనబడలేదు. ప్రపంచంలోని తొలి వందమందిలో నలుగురు తమ సైట్‌లో మోసం ఒప్పుకున్నారన్నది ఆ నివేదికలో అందరినీ కుదిపిన వాక్యం. మొత్తం ఆటగాళ్లలో మోసగాళ్లు 0.14 శాతానికి లోపేనని అదే సంస్థ లెక్క. ఆ నలుగురి పేర్లు బయటపెట్టలేదు. దాంతో అనుమానం వందమందికీ పంచినట్టయింది. సంస్థ ఉద్దేశం మంచిదే కావచ్చు, ఆ పద్ధతి మాత్రం సరైనది కాదు.

నీమన్ 10 కోట్ల డాలర్లకు దావా వేశాడు. 2023 జూన్‌లో కోర్టు దాన్ని కొట్టేసింది, ఆగస్టులో రాజీ కుదిరింది, చెస్.కామ్ మూసేసిన అతని ఖాతా తిరిగి తెరుచుకుంది. డిసెంబరులో ఫిడే కార్ల్‌సన్‌కు 10,000 యూరోల జరిమానా వేసింది. సరైన కారణం లేకుండా టోర్నీ వదిలి వెళ్లినందుకు మాత్రమే.

అప్పటికే ఇంకొకరు రంగంలోకి దిగారు. ఇదే ధారావాహికలో 2000లో కాస్పరోవ్‌ను గద్దె దించిన వీరుడిగా కనిపించిన వ్లాదిమిర్ క్రామ్నిక్. 2023 నుంచి ఆయన ఆన్‌లైన్ ఆటగాళ్ల ఫలితాలను ముందు వేసుకుని, ఇవి మనిషికి సాధ్యమా అంటూ ఒకరి తరువాత ఒకరి మీద అనుమానాలు ప్రకటించసాగారు. అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ నకమురా వరుసగా 46 గేముల్లో నలభై అయిదున్నర పాయింట్లు సాధించడం ఆయనకు ఆసక్తికరంగా తోచింది. వేలకు వేలు గేములు ఆడేవాడికి, అందులోనూ తనకన్నా బలహీనులతో ఆడినప్పుడు, అలాంటి వరుస ఎప్పుడో ఒకప్పుడు రావడం గణితం ప్రకారం వింత కాదు. చెస్.కామ్ ఆయన బ్లాగును మూసేసింది. ఆయన ఆగలేదు.

ఆయన పదేపదే వేలెత్తి చూపినవాళ్లలో డానియల్ నరోదిట్స్కీ ఒకడు. కాలిఫోర్నియాలో పుట్టిన ఈ గ్రాండ్‌మాస్టర్ మెరుపు ఆటలో దిట్ట, అంతకు మించి గొప్ప గురువు. అతని పాఠాల పద్ధతి ఇది: కొత్త ఖాతాతో కింది స్థాయి నుంచి మొదలుపెట్టి, ఆడుతూనే, బుర్రలో నడుస్తున్న ప్రతి ఆలోచననూ పైకి చెబుతాడు. ఈ బంటు ఎందుకు కదిపాడో, ఏ ఎత్తుకు భయపడ్డాడో, ఎక్కడ పొరబడ్డాడో అంతా వినిపిస్తాడు. యంత్రం సాయం తీసుకోని మనిషి ఎలా ఆలోచిస్తాడో వందల గంటల సేపు లోకం ముందు పరిచినవాడు అతను. మోసం చేశాడన్న ఆరోపణను ఖండించాడు. ఏ సంస్థా అతన్ని దోషిగా తేల్చలేదు. ఆ మాటలు తనను ఎంత కుంగదీశాయో చివరి ప్రసారంలో తానే చెప్పుకున్నాడు.

2025 అక్టోబరులో, 29 ఏళ్ల వయసులో, నరోదిట్స్కీ చనిపోయాడు. ప్రపంచమంతటా ఆటగాళ్లు కన్నీరు పెట్టుకున్నారు. క్రామ్నిక్ బహిరంగ వ్యాఖ్యలపై ఫిడే విచారణకు పూనుకుని, ఆ వ్యవహారాన్ని తన నైతిక, క్రమశిక్షణ సంఘానికి పంపింది. నరోదిట్స్కీ పాఠాలు ఇంటర్నెట్‌లో అలాగే ఉన్నాయి. తెర మీద బోర్డు, ఒక మూల అతని ముఖం, ఎత్తుకూ ఎత్తుకూ మధ్య పైకే ఆలోచిస్తున్న ఆ గొంతు.

(సశేషం)